వదినె చూసిన పఫ్ఫీలు

మొన్న నా కోడలు హాల్లకు పఫ్ఫీ కొంటనని నన్ను గూడ దుకాణానికి తోల్కపోయింది. టై కట్టుకున్న సేల్స్‌మన్ ఒకాయన ముందుగాల నాకు పేర్లు నేర్పిండు. గుండ్రంగ మెత్తగ ఉండేది పఫ్ఫీ అట, మూత లేపితే లోపట దుప్పట్లు పెట్టుకునేది ఒట్టోమన్ అట. సరే తియ్యి అన్న. "కూసుండి చూడుండ్రి అమ్మా" అన్నడు. నేను కొంగు సదురుకొని, కూసునే ముందు అటొకసారి ఇటొకసారి చూసిన. ఏం చూస్తున్నవత్తా అని కోడలు అడిగింది. పెద్దోళ్లెవరన్న ఉన్నరేమోనని చూసిన, నాకే తెల్వకుంట. నాకు ఆ అలవాటు ఎన్నడు లేదు. మా అత్త ముంగట కుర్చీల కాలు మీద కాలేసుకొని కూసున్నదాన్ని నేను, దానికి మావోళ్లు నన్ను ఆరు నెల్లు ఆడిపోసుకున్నరు. ఆ అటు ఇటు చూసుడు నాది గాదు, మా వదినెది.

వదినె పోయి ఏడాది దాటింది. ఆఖరు చూపుకు నేను పోలేకపోయిన, ఆ రంది నాకు ఇప్పటికి ఉన్నది. పోయినోళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలంటరు. నన్ను చెప్పమంటె పఫ్ఫీల ముచ్చటనే చెప్త. ఇన్నోళ్లు నవ్వుతరు. నవ్వనియ్యి, ఆమె గూడ నవ్వేది.

వదినె అంటె సొంత వదినె గాదు. మహారాష్ట్ర దిక్కు చంద్రపూర్ల జట్పురా గేటు దగ్గర మేం కిరాయికుంటిమి, వాళ్లు ఇంటోళ్లు. మా ఆయన బొగ్గు బాయి ఆఫీసుల క్లర్కు. వాళ్లది కిరాణం దుకాణం. తాతల కాలంల చెన్నూరు దిక్కు నుంచి వచ్చి పడ్డోళ్లు, ఊరిని చంద్రపూర్ అని ఎవ్వలు అనకపోయేది, చాందా అనే అందురు. ముంగట దుకాణం, దాని ఎనుక నడిమి అర్ర, దాని ఎనుక వంటిల్లు, ఆ ఎనుక మా రెండర్రలు, అన్ని ఒక్క వరుస, రైలు డబ్బల లెక్క. తలుపులన్ని ఎదురెదురు. నడిమి అర్రల చాప మీద వదినె వాళ్ల అత్త కూసునేది. ఆమెను మేం అవ్వ అందుము. అవ్వ కూసున్న కాడికి ముంగట దుకాణంల తరాజు కనపడేది, ఎనుక మా ఆయన గడ్డం గీసుకునుడు గూడ కనపడేది. ఆ ఇంట్ల అవ్వ కండ్ల పడని జాగ అంటె ఒక్క బాత్‌రూమే.

ఇగ వదినె. ఇంత ఎత్తు మనిషి. మా గల్లీల మొగోళ్లు గూడ ఆమె భుజం కాడికే వద్దురు. చౌకట్లకు తల కొట్టుకొని కొట్టుకొని, ఆరుబయట నడిచినా జర వంగే నడిచేది. అవ్వేమో ఆమె నడుముకు వచ్చేది. అయినా యాభైకి దగ్గరవడ్డ ఆ మనిషిని అవ్వ "ఓ పిల్లా" అనే పిలిచేది, ఈమె "వచ్చిన అత్తమ్మా" అని కొత్త కోడలు లెక్క ఉరికేది. ఏం అడిగినా వదినె జవాబు ఒక్కటే ఉండేది, "కూసుండి చెప్త." పప్పుల ఉప్పెంత ఏసినవ్ వదినె అంటె గూడ "కూసుండి చెప్త" అనేది. గని కూసునేది గాదు.

ఎందుకు కూసోదంటె, కూసునేటందుకు ఆమెకు జాగ లేదు. నవ్వులాటకు చెప్తలేను. మోకాళ్లు అరిగినయి, కింద కూసుంటె మళ్ల లేవుడు కష్టమని డాక్టరు గట్టిగ చెప్పిండు. కింద వద్దు, కుర్చీ మీదనే అన్నడు. కుర్చీలు ఇంట్ల నాలుగున్నయి. గని అవ్వ చాప మీద ఉంటె కోడలు కుర్చీ ఎక్కి ఎట్ల కూసుంటది? వాళ్ల ఇండ్లల్ల అత్త ముంగట కోడలు ఎత్తు మీద కూసోదు. కింద కూసుంటె మోకాళ్లు పోతయి, మీద కూసుంటె మర్యాద పోతది. నడుమ మిగిలింది నిలవడుడు. పొద్దుగాల నుంచి పొద్దుమీకెదాక వదినె వంటింటి చౌకట్టుకు ఒరిగి నిలవడేది. ఆ చౌకట్టుకు ఆమె భుజం తాకే కాడ రంగు పోయి నున్నగయింది. మరీ నొప్పి లేస్తె బాత్‌రూముల బక్కెట బోర్లేసుకొని, తలుపు గడె పెట్టుకొని కూసునేది. ఇంకెంత సేపని మా ఆయన చెంబు పట్టుకొని బయట నిలవడి మొత్తుకునేటోడు.

నాకు మస్తు కోపమొచ్చేది. ఒకనాడు అవ్వనే అడిగిన, "ఏందవ్వా, ఆమె కుర్చీల కూసుంటె నీకేమైతది?" అని.

"నేనేమన్న వద్దన్ననా?" అన్నది అవ్వ. "ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడన్న అన్ననా? ఆమెనే అడుగు."

"మరి కూసో అని చెప్పరాదు."

అవ్వ నా దిక్కు పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "నేనెట్ల చెప్త? మా అత్త నాకు చెప్పిందా?"

వదినె దగ్గరికి పోయి, నువ్వన్న అడుగు అన్న. "ఏమని అడుగాలె?" అన్నది. "మీ ముంగట ఎత్తెక్కి కూసుంటనని అడుగాల్నా? నోరెట్లొస్తది?" ఒకామె అనదు, ఒకామె అడుగదు. ఇద్దరి నడుమ ఆ నాలుగు కుర్చీలు చుట్టాలు రాంగనే దులుపుడు, పోంగనే మళ్ల దుమ్ముపట్టుడు.

ఊర్లకు కొత్త కొత్తయన్ని వస్తున్న దినాలవి. ఇంటింటికి కేబులు తీగెలు గుంజుతున్నరు. అప్పటిదాక సోఫా అంటె వడ్లాయనకు టేకు కట్టె తెచ్చిచ్చి చేపిచ్చుకునుడే. ఇప్పుడు గోల్ బజార్ దిక్కు అద్దాల తలుపుల ఫర్నిచర్ దుకాణాలు తెరిచిండ్రు. ఆ సంక్రాంతి దినాలల్ల బ్యాంకు మేనేజర్ భార్య హల్దీకుంకుమకు, అంటె పసుపుబొట్టుకు, పిలిస్తె వదినె పోయింది. వచ్చింది వచ్చినట్టే చెప్పులు గూడ ఇడ్వక సీదా నా అర్రలకొచ్చి తలుపు దగ్గరికేసింది.

"వాళ్లింట్ల ఒకటున్నది," అన్నది. "పఫ్ఫీ అంటరట. దాని మీద కూసున్న. వీపు లేదు, చేతులు లేవు, కాళ్లు గూడ లేవు. కుర్చీ గాదది. పీట గాదు. అసలేం గాదు. పెద్ద మెత్త. మెత్త మీద కూసుంటె తప్పేంది, చెప్పు."

"తప్పేం లేదు," అన్న.

"ఏ, నువ్వంటె గాదు. అత్తమ్మ అనాలె."

గట్ల మొదలైంది. వదినె ఉపాయమేందంటె, అవ్వను దుకాణానికి తోల్కపోయి పఫ్ఫీ చూపియ్యాలె. అవ్వ దాన్ని చూసి, తన నోటితోని, ఇది కుర్చీ గాదు అనాలె. అంటె ఇగ కొనొచ్చు. కేసు గెలిచినట్టే. అవ్వను ఊకెనే తోల్కపోతె బాగుండదని, ముందుగాల తానొక్కతె పోయి మంచిది ఏరి పెడ్తనన్నది. తోడుకు నన్ను గుంజుకపోయింది.

దుకాణం సేటు మరాఠీ ఆయన. తెలుగు జరజర వచ్చు, చాందాల దుకాణం పెట్టినంక రావాల్సిందే. వదినె పఫ్ఫీలు చూసే తీరు చూసి ఆయనకు చెమటలు పట్టినయి. ఎర్రది, పచ్చది, చాక్లెట్ రంగుది, రెక్సిన్ది, మఖ్మల్ది, అన్ని వరుసగ పెట్టిపిచ్చింది. ఏలు మడిచి ఒక్కొక్కదాన్ని కుండ కొట్టినట్టు కొట్టింది. వంగి వాసన చూసింది. జానతోని ఎత్తు కొలిచింది. జానెడున్నర దాటితె "ఇది కుర్చీ అయిపోతది" అని పక్కకు పెట్టింది. సేటును ముందుగాల కూసోమన్నది. ఆయన కూసున్నడు. లేవుమన్నది, లేచిండు. ఆయన లేచినంక పఫ్ఫీ ఎంత సేపట్ల మళ్ల పొంగుతదో చూసింది. ఆఖరుకు తాను కూసునే ముందు అటు ఇటు చూసి, కూసుండి, సంచిలకెళ్లి మెంతికూర కట్ట తీసింది.

"వదినె, ఇదేంది?" అన్న, సిగ్గుతోని సచ్చిపోతూ.

"ఉత్తగ కూసుంటె ఏం తెలుస్తది? పని చేసుకుంటెనే తెలుస్తది," అని అద్దాల దుకాణంల, ట్యూబులైట్ల కింద, మెంతికూర గిల్లుడు వెట్టింది. రెండు కట్టలు అయిపోయినయి. సేటు కిందవడ్డ కాడలు ఏరిండు.

ఒక మంగళవారం అవ్వను రిక్షాల తోల్కపోయినం. మంగళవారం వాళ్ల కిరాణం బందుండేది. ముసలామెను చూడంగనే సేటు చేతులు జోడిచ్చి "బసా ఆజీ, బసా" అని చెయ్యి పట్టుకొని తోల్కపోయి పెద్ద సోఫాల కూసోవెట్టిండు. అవ్వ అండ్ల మునిగిపోయింది. కాళ్లు నేలకు అందుతలేవని రెండు కాళ్లు పైకి ముడుసుకొని, చాప మీద కూసున్నట్టే కూసున్నది. వదినె అలవాటు ప్రకారం ఒక అద్దాల అల్మారకు ఒరిగి నిలవడ్డది. అల్మార కిర్రుమన్నది.

అవ్వ చూసింది. "ఓ పిల్లా, దుకాణంల గూడ నిలవడ్తరా? కూసో. సేటు ఏమనుకుంటడు?"

వదినె నా దిక్కు చూసింది. నేను కండ్లతోనే కూసో కూసో అన్న. ఆమె ఒక ఎర్ర పఫ్ఫీ అంచు మీద పిట్ట వాలినట్టు వాలింది. అవ్వ ఏం అనలే. అంచు మీదికెళ్లి నడుమకు జరిగింది. అవ్వ ఏం అనలే. గంట సేపు కూసున్నరిద్దరు. పెండ్లయి వచ్చిన కాడి నుంచి అత్తాకోడండ్లు ఎదురెదురుంగ కూసుండి మాట్లాడుకునుడు అదే మొదలట. ఏం మాట్లాడిండ్రంటె, సేటు పెయింటు ఏ కంపెనీది ఏసిండని మాట్లాడిండ్రు. గోడల నుంచి నిమ్మకాయ తొక్కు మీదికి పోయిండ్రు, ఆడికెళ్లి ఎప్పుడో సచ్చిపోయిన బర్రె మీదికి పోయిండ్రు. నవ్వుకున్నరు గూడ. సేటు చాయ తెప్పిచ్చిండు.

అసలు ముచ్చట మాత్రం మునిగింది. అది కుర్చీయా గాదా అని అవ్వ అననే లేదు. ఇంటికి రాంగనే అవ్వ చాప మీదికి, వదినె చౌకట్టు కాడికి. ఎక్కడోళ్లక్కడ.

మళ్ల మంగళవారం రానే వచ్చింది. పొద్దుగాల్నే అవ్వ అన్నది, "ఆ ఎర్రది జర గట్టిగ లేదనిపిచ్చింది పిల్లా. ఇంకొకసారి చూసొద్దామా?"

గా తీరుగ ఎనిమిది తొమ్మిది నెల్లు చూసిండ్రు. వానొచ్చినా పోయిండ్రు, ఎండల గొడుగేసుకొని పోయిండ్రు. అవ్వకు ఆ సోఫా జాగ పక్కా అయింది. వదినె ఇంటి నుంచి చిక్కుడుకాయ, చింతపండు, ఏది దొరికితె అది సంచిల ఏసుకొచ్చేది. మొదట్ల సేటు ముఖం మాడ్చుకునేటోడు. గని వీళ్లు గంత సుఖంగ కూసునుడు చూసి బయటి నుంచి గిరాకీ లోపటికొస్తున్నదని ఆయనకు సమజైంది. ఇగ మంగళవారం ఆయనే వాకిట్లకొచ్చి ఎదురుచూసేటోడు. వదినె గిరాకీలకు సలహాలు చెప్తుండె. ఇంట్ల మనుమలున్నరా, అయితె గుండ్రంది వద్దు, దొర్లిచ్చుకపోతరు. పిల్లి ఉన్నదా, మఖ్మల్ది వద్దు. మీ ఆయన లావున్నడా, అయితె ఆయనను తోల్కరా, కూసోవెట్టి చూద్దాం. వరోరా నుంచి ఒక జంట వచ్చి, వదినె చూపిచ్చిన రెండు పఫ్ఫీలు కొనుక్కొని, ఈమె దుకాణం మాల్కిన్ అనుకొని దండం పెట్టిపోయిండ్రు. మా గల్లీల ఏడెనిమిది ఇండ్లల్ల వదినె ఏరిన పఫ్ఫీలే ఉండె. వాళ్లింట్ల మాత్రం లేకుండె.

నాకు ఓపిక పోయింది. "వదినె, అసలు కొంటవా కొనవా?" అని గట్టిగనే అడిగిన.

"కూసుండి చెప్త," అన్నది. నేనూకోలే. చెయ్యి పట్టుకొని ఆపిన. అప్పుడు మెల్లగ అన్నది, "కొంటె ఇగ మంగళవారం ఏమని పోతం? దుకాణంల అత్తమ్మ కూసో అంటది. ఇంట్ల అనదు గద."

నా కోపం యాడ పోయిందో పోయింది. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. అవి ఆమెకు కనపడొద్దని నేను బట్టలు మడతపెట్టుడు మొదలు పెట్టిన, ఆమె మడతపెట్టిన బట్టలే మళ్ల మడతపెట్టిన.

ఆ చలికాలం అవ్వ బాత్‌రూముల జారిపడ్డది. పానం మీదికి రాలే గని తుంటి దెబ్బతిన్నది. నడిమి అర్ర దాటి రాదు, రిక్షా ఎక్కది, దుకాణం మెట్లు అసలే ఎక్కది. మంగళవారాలు బందయినయి. వదినెకు ఇగ బుగులు పట్టుకున్నది. అవ్వకు చాకిరి చెయ్యాలె, మందులియ్యాలె, రోజంత ఎదురుంగనే ఉండాలె. ఎన్ని గంటలని నిలవడ్తది? మోకాళ్లు గుమ్మడికాయలంత వాచినయి.

ఒకనాడు నన్ను తోల్కొని సేటు దగ్గరికి పోయింది. ఆయన "ఆజీ నాహీ ఆల్యా?" అని మా ఎనుక చూసిండు, అవ్వ రాలేదా అని. వదినె ఏ పఫ్ఫీని కొట్టలే, వాసన చూడలే, కూసోలే. అన్నింటికంటె పొట్టిది, బూడిద రంగుది, ఏలు పెట్టి చూపిచ్చింది. రెండు నిమిషాలల్ల అయిపోయింది. తొమ్మిది నెల్లు చూసినామె రెండు నిమిషాలల్ల కొనుడు చూసి సేటు ఇదేనా అని రెండుసార్లు అడిగిండు. పైసలు ఇచ్చినంక గూడ "మళ్ల చూసేటందుకు రాండ్రి" అన్నడు పాపం.

తెచ్చి నడిమి అర్రల పెట్టింది. అవ్వ దాన్ని చూసింది, ఏం అనలే. వదినె దాని పక్కపొంటి నిలవడ్డది. తెల్లారి దాని మీద మడత బట్టలు పెట్టింది. మూడోనాడు పిల్లి ఎక్కి పన్నది. నాలుగోనాడు గూడ వదినె నిలవడే ఉన్నది, పఫ్ఫీ ఉత్తగనే ఉన్నది. నేను మా తలుపు గల్మల నిలవడి చూస్తున్న. ఇద్దర్ని చెరొక దెబ్బ కొట్టాలనిపిచ్చింది.

అవ్వ పిలిచింది. "ఓ పిల్లా, నా చాప జర గోడ దిక్కు తిప్పు."

"ఎందుకత్తమ్మా?"

"వెల్తురు కండ్లల్ల కొడ్తుంది."

పట్టపగలు గూడ బల్బు ఏసుకునే అర్ర అది, వెల్తురు యాడిది? వదినె అవ్వను మెల్లగ లేపి, చాప తిప్పి, గోడ దిక్కు ముఖం పెట్టి కూసోవెట్టింది. ఎనుక వీపుకు దిండు పెట్టింది.

"ఇప్పుడు నాకు గోడ తప్ప ఏం కనపడ్తలేదు," అన్నది అవ్వ, గోడకు చెప్తున్నట్టు. "ఎనుక ఎవలు నిలవడ్డరో, ఎవలు కూసున్నరో నాకేం తెలుస్తది."

వదినె అటు చూసింది, ఇటు చూసింది. పిల్లిని లేపింది. మెల్లగ, గోడ పట్టుకొని, పఫ్ఫీ మీద కూసున్నది. కొత్త రెక్సిన్ గద, లోపటి గాలంత "ఉస్స్..." అని పెద్దగ వచ్చింది. వదినె ముఖం తెల్లగయింది.

"ఆ చప్పుడేంది?" అన్నది అవ్వ.

"ఏం లేదత్తమ్మా, పిల్లి."

అవ్వ గోడ దిక్కే చూసుకుంట, "పిల్లిని లేవొద్దను," అన్నది.

అంత మంచిగనే అయింది గని ఒక్కటే తిరకాసు. టీవీ అవ్వ వీపు దిక్కు పడ్డది. ఆమె పగటి పూట సీరియల్ ఒక్కదినం ఇడువకపోయేది. హిందీ రాదు, అయినా ఆ చీరలు, ఆ ముఖాలు చూసుడు ఆమెకు అన్నం కంటె ఎక్కువ. టీవీని గోడ దిక్కు పెడ్తనని వదినె అంటె, కేబులు తీగె అందదని అవ్వ అడ్డం కొట్టింది. తీగె ఎంతుందో ఆమెకేం తెలుసు? టీవీ ముంగటికొస్తె దాని అద్దంల ఎనుక కూసున్న వదినె కనపడ్తది, మళ్ల ఆమె లేవాలె, అందుకే వద్దన్నది. "నాకు హిందీ యాడొస్తది పిల్లా, నువ్వు చూసి చెప్పు," అన్నది.

వదినె పఫ్ఫీ మీద కూసుండి సీరియల్ చెప్తుండె, అవ్వ గోడను చూసుకుంట ఇంటుండె. వదినె ఉన్నదున్నట్టు చెప్పుతదనుకుంటున్నరా? తనకు నచ్చనోళ్లను రైలు కింద ఏసేది. ఒక విలనుకు మోకాళ్ల నొప్పులు తెప్పిచ్చింది. టీవీల అత్తాకోడండ్లు చెంపలు పగులగొట్టుకుంటుంటె, ఈమె "ఇద్దరు కలిసి తొక్కు పెడ్తున్నరత్తమ్మా" అని చెప్పేది. ఎనుక నుంచి ఏడ్పులు, గిన్నెలు పగిలిన చప్పుళ్లు ఇనపడుతుంటయి. "గంత లొల్లేంది?" అంటె "జాడీ కింద పడ్డది" అనేది. నేను కొంగు నోట్ల కుక్కుకొని నవ్వేదాన్ని.

ఒకనాడు మాపటి కూరకని నాలుగు ఎల్లిపాయలు అడుగుదామని పోయిన. అప్పటికే కరెంటు పోయి అర్ధగంటయింది. ఫ్యాను ఆగింది, టీవీ నల్లగున్నది. వదినె మాత్రం పఫ్ఫీ మీద కూసుండి ఆ నల్ల టీవీని చూసుకుంట, పెండ్లి మండపంల ఎవలెవలు ఏ రంగు చీర కట్టుకున్నరో చెప్తున్నది. అవ్వ గోడ దిక్కు తిరిగి ఇసనకర్ర ఊపుకుంట ఇంటున్నది.

"వదినె, కరెంటు..." అని నేను నోరు తెరిచిన.

అవ్వ ఇసనకర్ర ఎత్తి నన్ను ఆపింది. ముఖం తిప్పలే. "చెప్పకు," అన్నది. "కరెంటు పోయిందని నాకు తెలిసిందంటె అది లేచి నిలవడ్తది."

వదినె ఇన్నది. రెండు మూరల దూరంల కూసున్నామెకు ఇనపడకుంటదా? ఇననట్టే ఉండి, రెండు కాళ్లు జర ముంగటికి చాపుకొని, పెండ్లికొడుకు గుర్రం దిగిండని చెప్పింది.